మామ చెప్పిన వేడి

ఆర్మూర్,
ఆదివారం.

చిరంజీవి తమ్ముడు గజేందర్‌ను అక్క పద్మలత ఆశీర్వదించి రాయునది.

ఆశీర్వదించకుండానే మొదలుపెడదామనుకున్నాను. అమ్మ పక్కనే కూర్చుని బీడీలు చుడుతోంది. "ముందుగాల గది రాసినవా?" అని రెండుసార్లు అడిగింది, అందుకని రాశాను. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వూ, నీ టీమూ, నీ కార్లూ క్షేమమేనని నీ ఉత్తరంలోనే ఉంది కాబట్టి నేను వేరే అడగను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు చెప్తాను. ఫోను ఎందుకు ఎత్తడం లేదన్నావు. ఎత్తితే నువ్వు గొంతు సన్నం చేసి "అక్కా" అంటావు. నేను కాసేపు బిగదీసుకుని, చివరికి అన్నం తిన్నావా అని అడుగుతాను. చిన్నప్పటి నుంచీ నా దగ్గర నీకు పనిచేసిన విద్య అదొక్కటే. కాగితం మీద గొంతు సన్నం చేయడం కుదరదు. నువ్వు కొరియర్‌లో ఉత్తరం పంపడం నాకు మంచిదే అయింది. నేనూ కాగితం మీదే తిడతాను, మధ్యలో నువ్వు ఫోను పెట్టేయలేవు.

అమ్మ మోకాలు ఎట్లుందన్నావు. నొప్పి అట్లాగే ఉంది, ఆమె నోరూ అట్లాగే ఉంది. పసుపు సంగతి అడిగావు. ఈసారి కొమ్ము బాగా ఊరింది. ధర ఎట్లుంటుందని మార్కెట్‌లో ఎవరినడిగినా తల గోక్కుంటున్నారు. మన బాయిలర్ మాత్రం ఖాళీ లేదు, జనవరి నుంచీ కమ్మర్‌పల్లి వైపే తిరుగుతోంది. మీ బావ ట్రాక్టరూ, మంటా చూసుకుంటాడు, నేనూ, మన కూలి కమలవ్వా డ్రమ్ముల దగ్గర, కరుణశ్రీ వాల్వ్ దగ్గర. ఇంటికొచ్చేసరికి అందరం రోజూ నలుగు పెట్టుకున్న పెళ్లివాళ్లలా ఉంటున్నాం.

కరుణ తింటోందా, వ్యాయామం చేస్తోందా అని అడిగావు. మేనమామవు, అడగాలి. తింటోంది. పొద్దున్నే పాత ట్రాక్టర్ టైరును ఎత్తి పడేసే ఆ పిచ్చి వ్యాయామమూ మానలేదు. మెడకు బలం రావాలని నువ్వు నేర్పినది కూడా చేస్తోంది. మానింది ఒకటే, నీ పేరెత్తడం.

చివరి రేసుకు వస్తుందా అని అడిగావు. అది తర్వాత చెప్తాను. అన్నిటికంటే కింద, సంతకం పైన, ఇంకో ప్రశ్న రాశావు. "నా జాగాల నువ్వుంటే ఏం చేసేదానివి అక్కా?" అని. దానికీ జవాబు చెప్తాను. కానీ నువ్వు కథను నీకు అనుకూలంగా మధ్యలో నుంచి అందుకున్నావు. నేను మొదటి నుంచి చెప్తాను, ఎందుకంటే నీకు మొదలు గుర్తున్నట్టు లేదు.

నాన్న బాయిలర్ కొన్నప్పుడు చుట్టుపక్కల చాలామంది ఇంకా కడాయిల్లోనే పసుపు ఉడకబెట్టేవాళ్లు. మనది ట్రాక్టర్ వెనక తగిలించుకుని ఊరూరా తిప్పే ఆవిరి బాయిలర్. డ్రమ్ములో కొమ్ములు ఉడికాక మూత తీయాలంటే ముందు దానికి పోయే ఆవిరి కట్టేయాలి. అన్ని బాయిలర్ల మీదా ఒక పద్ధతి ఉంది. డ్రమ్ము దగ్గర మనిషి "ఆపు" అంటాడు, వాల్వ్ దగ్గర మనిషి తిప్పేసి "అయింది" అంటాడు, అప్పుడు మూత తీస్తారు. మనింట్లో ఆ "అయింది" లేదు. నాన్న పెట్టనివ్వలేదు. "ఆపు" అన్న మాటా, మూత గొళ్లెం లాగే చెయ్యీ ఒకేసారి కదలాలి. వాల్వ్ దగ్గరివాళ్లు మీటర్ చూడకూడదు, ఎందుకని అడగకూడదు, చెవిన పడగానే తిప్పేయాలి. "ఇంటోళ్ల మాటకు మల్ల సాక్ష్యమెందుకురా" అనేవాడు.

అది నాన్న మొండితనమని మనమిద్దరం నవ్వుకునేవాళ్లం. ధర్పల్లిలో ఆ మధ్యాహ్నం దాకా. మీటర్‌లో ముల్లు ఎప్పటి చోటే ఉంది. డ్రమ్ములో నుంచి వచ్చే చప్పుడు మారిందని నాన్నకు అనుమానం వచ్చి "ఆపు" అని అరిచాడు. నువ్వు వాల్వ్ దగ్గర ఉన్నావు, తల కూడా ఎత్తకుండా తిప్పేశావు. తర్వాత చూస్తే ముల్లు ఇరుక్కుపోయి ఉంది, మూత అంచు పైకి లేచి ఉంది. నువ్వు మీటర్ వైపు ఒక్కసారి చూసి ఉంటే నాన్న ఆ రోజే పోయేవాడు. ఆ సాయంత్రం నాన్న నిన్ను ఏమీ మెచ్చుకోలేదు. తన కంచంలో మాంసం ముక్క తీసి నీ కంచంలో వేశాడు. నీకు గుర్తుందో లేదో, నాకు గుర్తుంది, ఎందుకంటే నాకు వేయలేదు.

ఆ చెయ్యితోనే నువ్వు తర్వాత కార్లు నడిపావు. బాయిలర్ ట్రాక్టర్‌ను గతుకుల దారిలో చుక్క నీళ్లు ఒలకకుండా తెచ్చే పిల్లవాడు, హైదరాబాద్‌లో అద్దె కార్ట్‌లు నడిపి, చెన్నై పోయి, జాతీయ పోటీలో గెలిచాడు. పెర్కిట్ చౌరస్తాలో నీ ఫ్లెక్సీ కట్టారు. అందులో నీ ముక్కు మీద కరెంటు తీగ పడిందని అమ్మ మనిషిని పంపి ఫ్లెక్సీని పక్కకు జరిపించింది. మాకు అంత గొప్ప.

మరి ఆ రెండో ఏడాది సంగతి కూడా చెప్పుకుందాం. నువ్వు ముందున్నావు, వెనక నీ టీమ్ వాడే, టీమ్‌కు ఖర్చు పెట్టే ఇంటి పిల్లవాడు. మీ మేనేజర్ రేడియోలో "అతన్ని పోనివ్వు" అన్నాడు. నువ్వు పోనివ్వలేదు. గెలిచావు. వారం తిరక్కుండా నిన్ను తీసేశారు. నువ్వు బ్యాగు తగిలించుకుని ఇంటికొచ్చి, ఆ సీజనంతా వాల్వ్ దగ్గర నిలబడ్డావు. ఊరివాళ్లు ఏవేవో అడిగితే నేను అడ్డం పడ్డాను. నువ్వు మాత్రం ఒకటే మాట మళ్లీ మళ్లీ అనేవాడివి. "నన్ను తీసేసిండని గాదక్కా, పక్కకు జరుగు అని ఎట్ల అనబుద్దయింది?"

తర్వాత ఇంకో టీమ్ పిలిచింది, ఇంకా చాలా ఏళ్లు నడిపావు. నడుము దెబ్బతిని స్టీరింగ్ వదిలేయాల్సి వచ్చినప్పుడు నీకంటే ఎక్కువ ఏడ్చింది నేను. నిన్ను మేనేజర్‌గా పెట్టుకుంటామన్నారని చెప్పడానికి వచ్చిన రోజు, మన వాకిట్లో మక్క గడక తింటూ నువ్వు మీ బావతో అన్నావు: "నా టీమ్‌ల మాత్రం ఎవ్వరికి సుత పక్కకు జరుగు అని చెప్ప బావా. గంతే." ఎవరూ అడగలేదు నిన్ను. నీకు నువ్వే చెప్పావు.

కరుణకు స్టీరింగ్ పట్టించింది నువ్వే. కల్లంలో ట్రాక్టర్ మీద కూర్చోబెట్టావు, కార్ట్‌లు ఎక్కించావు, నీకంటే మలుపు బాగా తిప్పుతుందని బజారులో కనబడ్డ ప్రతివాడికీ చెప్పావు. మీ బావ వద్దన్నాడు. నేనూ వద్దన్నాను. ఆడపిల్ల అని కాదు, ఆ వేగంలో ఏదైనా జరిగితే దగ్గర ఎవరూ ఉండరని. అప్పుడు నువ్వన్న మాట నాకు ఒక్క అక్షరం పోకుండా గుర్తుంది. "ఫికర్ చెయ్యకు అక్కా. బండ్ల అది ఒక్కతే ఉండది. దాని చెవుల నేనుంట." నేను నా బిడ్డను నీ కారుకు పంపలేదు తమ్ముడూ. నీ గొంతుకు పంపాను.

ఆ గొంతుతో నువ్వు చేసిన పని ఇది. పోయిన నెల రేసులో అది ముందుంది. ఇంకొన్ని ల్యాపులు అట్లాగే నడిపితే చివరి రేసుకు ముందే కప్పు దాదాపు దానిది. వెనక రాహుల్, మీ టీమ్‌లోనే రెండో డ్రైవర్, మీ పెద్ద స్పాన్సర్ కొడుకు. నువ్వు రేడియోలో, మిగతా టీమ్‌లవాళ్లకు అర్థం కాకుండా మన తెలుగులో, "బిడ్డా, ఇంజిన్ వేడెక్కుతుంది, జర తగ్గించు" అన్నావు. అది కాలు తీసింది. రాహుల్ దాటిపోయాడు.

ఇంకో డ్రైవర్ ఎవరైనా అయితే ముందు కళ్లెదుట ఉన్న మీటర్ చూసుకునేవాడు, అంతా బాగానే ఉందని నీతో వాదించేవాడు. ఇదీ మీటర్ చూసింది. వేడి లేదని దానికి తెలుసు, అయినా నీ మాటే వింది. ఇంటికొచ్చి వాకిట్లో చెప్పులు విడుస్తూనే నాతో అంది, "మీటర్ల ఏం లేకుండె అమ్మా. గని మామ చెప్పిండు గదా. మీటర్ ఇరుక్కున్నదేమో అనుకున్న." ఆ మాట అంటున్నప్పుడు దాని ముఖంలో ఎంత గర్వం ఉందో నీకు చూపించాలి. ధర్పల్లి కథ విని పెరిగింది అది. తాత కోసం మామ చేసిన పనే తను మామ కోసం చేశానని దాని లెక్క. ఓడిపోయి వచ్చి నవ్వింది. "ఇంజిన్ పోతే ఆఖరి రేసే లేకుండె. మామ మంచిగ చూసిండు" అని అమ్మతో, మీ బావతో, పాలు పోయడానికి వచ్చినామెతో కూడా చెప్పింది. నేను కూడా నీ పేరు మీద కొబ్బరికాయ కొట్టాను. ఆ కొబ్బరి ముక్కలు ఇప్పుడు తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతోంది.

తర్వాత చిన్నన్న వచ్చాడు. నవీపేట్ నుంచి నువ్వే తీసుకుపోయి ఇంజిన్ పని నేర్పించిన చిన్నన్న. ఆర్మూర్‌లో చుట్టాల పెళ్లికి వచ్చి, పనిలో పనిగా మమ్మల్ని చూసిపోదామని మిఠాయి డబ్బాతో వచ్చాడు. కరుణ చాయ్ పోస్తూ మామూలుగా అడిగింది.

"అన్నా, ఇంజిన్ మల్ల మంచిగైందా?"

"ఏ ఇంజినమ్మా?"

"నాదే. గప్పుడు వేడెక్కింది గదా."

"దానికేమైంది? మేము విప్పనే లేదు. నీళ్లు సుత చుక్క తగ్గలే. గది రాహుల్ సార్‌ను ముందుకు పంపుడు కోసం గజేందరన్న గట్ల చెప్పిండు గదా." అప్పటికి చిన్నన్నకు మా ముఖాలు కనిపించాయి. "నీకెరుకే అనుకున్న చెల్లె" అన్నాడు మెల్లగా.

ఆ పిల్లవాణ్ణి ఏమీ అనకు. వాడు తెలిసి చెప్పలేదు. కరుణ అతని కప్పు నింపింది. చక్కెర సరిపోయిందా అని అడిగింది. అతను వెళ్లేదాకా అక్కడే కూర్చుంది. తర్వాత లేచి పోయి ట్రాక్టర్ కడిగింది. కడిగిన ట్రాక్టర్‌నే మళ్లీ కడిగింది. నేను దగ్గరికి పోతే, "మీటర్ మంచిగనే ఉండె అమ్మా" అంది, అంతే.

ఇక నీ ఉత్తరం. మేము ఫోను ఎత్తనప్పుడే మాకు నిజం తెలిసిందని నీకు అర్థమైంది కాబోలు. అందులో ఒక వాక్యం ఉంది. "నేను దానికి పక్కకు జరుగు అని చెప్పలే అక్కా, నా మాట నేను తప్పలే" అని. అది చదివాక నేను కాగితం కింద పెట్టి పెరట్లోకి పోయాను. కట్టెలు కొట్టాల్సినవి ఉన్నాయి, కొట్టాను. అవసరం లేనివి కూడా కొట్టాను. మాట తప్పలేదట. అసలు మాటనే చంపేసి, తప్పలేదని రాస్తున్నావు. ఈ తెలివి నీకు ఎక్కడిది? మనింట్లో ఎవరికీ లేదు.

రాహుల్ ముందు రాకపోతే వాళ్ల నాన్న డబ్బు ఆపేసేవాడని రాశావు. టీమ్ మూతపడేదని, చిన్నన్న లాంటివాళ్లు రోడ్డున పడేవాళ్లని రాశావు. కావచ్చు. నేను కాదనను, నాకు నీ లోకం తెలియదు. మరి అదే దానికి చెప్పకపోయావా? "బిడ్డా, ఇట్లుంది మన పరిస్థితి, రాహుల్‌ను పోనియ్" అని. వినేదేమో. పదిమంది కూడు పోతుందంటే దానికీ గుండె ఉంది. వినకపోయేదేమో కూడా, నీ మేనకోడలే కదా. ఎదురు తిరిగితే తీసేసేవాడివి, ఇంటికి వచ్చేది, నేను అన్నం పెట్టేదాన్ని. నీకు పెట్టలేదా?

ఆ రోజు నిన్ను తీసేసిన మేనేజర్‌ను మేమంతా ఎన్ని తిట్లు తిట్టామో. ఇవాళ ఆయనకు దండం పెట్టాలనిపిస్తోంది. ఆయన నీకు చేయమన్నది ఏమిటో నీ ముఖం మీద చెప్పాడు. కాదనడానికి నీకు చోటు ఇచ్చాడు. నువ్వు నా బిడ్డకు ఆ చోటు కూడా ఇవ్వలేదు. అది కాదంటుందని నీకు ముందే తెలుసు, అందుకే అది కాదనలేని మాట వెతికి పట్టుకున్నావు. ఆ మాట నీకు ఎక్కడ దొరికింది? నాన్న బాయిలర్ మీద దొరికింది. "మేనేజ్‌మెంట్ అంటే గిట్లనే ఉంటది అక్కా" అని రాశావే, మేనేజ్‌మెంట్ నేర్పిన చోట ఇట్లాంటిది నేర్పరు. ఇది మనింటి సొత్తు. మనింటి సొత్తు తీసుకుపోయి ఖర్చు పెట్టుకున్నావు.

ఇప్పుడు నీకు చెప్పకుండా దాచిన సంగతి చెప్పాలి. పైన మేమంతా క్షేమం అని రాశాను. అది నిజం కాదు. నా ఎడమ చెయ్యి మోచెయ్యి దగ్గర్నుంచి మణికట్టు దాకా కాలింది. కట్టు కట్టించుకుని రాస్తున్నాను. కుడిచెయ్యి బాగానే ఉంది, నిన్ను తిట్టడానికి అది చాలు.

చిన్నన్న వచ్చిపోయిన తర్వాత, నీ ఉత్తరం అందిన మరునాడే, కమ్మర్‌పల్లిలో. డ్రమ్ము ఉడికింది. నేను ఎప్పట్లాగే "ఆపు" అంటూ గొళ్లెం లాగాను. కరుణ వాల్వ్ మీద చెయ్యి పెట్టుకునే ఉంది. కానీ తిప్పలేదు. మీటర్ వైపు చూసింది. ఒక్క చూపే. ఇన్నేళ్లలో అది ఎన్నడూ ఆ పని చేయలేదు. అది మీటర్ చూసి మళ్లీ వాల్వ్ తిప్పేలోపు ఆవిరి నా చెయ్యి మీదుగా పోయింది. కమలవ్వ నన్ను వెనక్కి గుంజకపోతే ముఖం కూడా పోయేది. మీ బావ ట్రాక్టర్ అక్కడే వదిలేసి, ఎవరిదో బండి మీద ఆర్మూర్ దవాఖానకు తీసుకొచ్చాడు. మచ్చ ఉంటుంది కానీ చెయ్యి పనిచేస్తుందని డాక్టర్ చెప్పాడు.

దవాఖాన బెంచీ మీద కరుణ నా పక్కన కూర్చుంది. "అమ్మా, నేను ఆలస్యం చేసిన్నా?" అని అడిగింది.

"లేదు బిడ్డా. నా కాలు జారింది" అన్నాను.

అది నా ముఖం చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత "సరే" అంది. నమ్మలేదు గజేందర్. పుట్టినప్పటి నుంచీ నా ప్రతి మాటా నమ్మిన పిల్ల, మీటర్ చూసినట్టు నా ముఖం చూసింది. మరునాటి నుంచి మీ బావ వాన వస్తుందంటే ఆకాశం చూస్తోంది, అమ్మ అన్నం ఉడికిందంటే పోయి మెతుకు పట్టుకుంటోంది. ఎవరితోనూ గొడవ లేదు. ఎవరి మాటా దానికి పనికిరావడం లేదు, అంతే. నాకు నీ మీద ఇంత కోపం ఆ రేసు పోయినందుకు అనుకుంటున్నావేమో. రేసు పోతే పోయింది. దాని కళ్లు అట్లా చేసినందుకు నిన్ను వదిలిపెట్టను.

ఇంత రాశాక పైనుంచి ఒకసారి చదువుకున్నాను. కాలు జారింది అన్న చోట ఆగిపోయాను. బాధపడుతుందని చెప్పాను ఆ మాట. దాని మంచికే అనుకున్నాను. నువ్వూ ఏదో మంచికే అనుకున్నావని నీ ఉత్తరంలో ఉంది. నిన్ను ఇన్ని కాగితాలు తిట్టి, చేసింది నువ్వు చేసిన పనే. ఇక్కడ ఆపుతున్నాను. నాకు పని ఉంది.

సోమవారం.

పొద్దున కల్లంలో చెప్పాను. ఉడికించిన కొమ్ములు ఆరబోస్తున్నాం, కమలవ్వ కూడా ఉంది. ఆమె వెళ్లాక చెబుదామా అనుకున్నాను. మళ్లీ ఆమె ఉండగానే చెప్పాలనిపించింది, ఎందుకంటే ఆ రోజు జరిగింది ఆమె కూడా చూసింది, చూసి నా కోసం నోరు మూసుకుంది.

"నా కాలు జారలే బిడ్డా" అన్నాను. "నేను ఆపు అన్న. నువ్వు మీటర్ దిక్కు చూసినవ్. గందుకే కాలింది."

కరుణ చేతిలో పార అట్లాగే ఆగిపోయింది. "మరి దవాఖానల గట్లెందుకు చెప్పినవ్?"

"నువ్వు బాధపడ్తవని."

"మామ సుత గట్లనే అనుకున్నడేమో" అంది. ఎత్తిపొడుపు లేదు ఆ మాటలో, నిజంగానే అనుకుని అంది. అది నాకు ఎక్కువ తగిలింది.

"అనుకున్నడేమో. ఇద్దరం తప్పే చేసినం. నాది నేను చెప్తున్న" అన్నాను.

అప్పుడు ఏడ్చింది. చిన్నన్న వచ్చిపోయినప్పటి నుంచీ ఏడవనిది, కొమ్ముల మధ్య కూలబడి ఏడ్చింది. కమలవ్వ కొంగుతో ముఖం తుడవబోతే ఆ పసుపు కళ్లలో పడి ఇంకా ఎక్కువ ఏడ్చింది, అందులోనే కాస్త నవ్వింది. నా కట్టు మీద చెయ్యి పెట్టి, "మల్ల నువ్వు ఆపు అంటె, నా చెయ్యి తిరుగుతదో లేదో నాకే ఎరుక లేదమ్మా" అంది. ఆ మాట నిజమని నాకు తెలిసింది. నమ్మమని చెప్తే నమ్మకం వస్తుందా?

అందుకని ఇవాళ్టి నుంచి మన బాయిలర్ మీద కూడా "అయింది" మొదలైంది. మొదటి డ్రమ్ముకు నేను "ఆపు" అని, గొళ్లెం ముట్టకుండా నిలబడ్డాను. అది మీటర్ చూసింది, వాల్వ్ తిప్పింది, "అయింది" అంది. అప్పుడు కమలవ్వ మూత తీసింది. పని కొంచెం నెమ్మదైంది, ఎవరికీ ఏమీ కాలేదు. అందరి బాయిలర్ల మీదా ఇట్లాగే చేస్తారు, మంచి పద్ధతే అంటాడు మీ బావ. మంచిదే కావచ్చు. నాన్న పోయిన రోజు నేను ఇంటి పని చూసుకుంటూ గట్టిగా ఏడవలేదు. ఆ "అయింది" విన్నప్పుడు ఏడుపొచ్చింది.

చివరి రేసుకు వస్తుందా అని కదా అడిగావు. వస్తుంది. కారు నడపడం దానికి ఇష్టం, నీ వల్ల ఆ ఇష్టం పోనివ్వనంది. నేనే ఒకటి అడిగాను. "మామ నిజంగనే వేడెక్కిందంటె ఏం చేస్తవ్?"

"మీటర్ చూసుకుంట."

"మీటర్ ఇరుక్కుంటె?"

నా వైపు చూసింది. అంత వేగంలో పోయే బండి వెనక మంట లేస్తే లోపల కూర్చున్న పిల్లకు కనబడదని నువ్వే కదా చెప్పావు, గోడ దగ్గర నిలబడ్డవాళ్లకే ముందు కనబడుతుందని. ఆ రోజు నువ్వు గొంతు చించుకుని అరుస్తావు. అది మీటర్ చూస్తుంది. ఆ ఒక్క చూపు ఎంతసేపో నా చెయ్యిని అడుగు, చెప్తుంది.

నా జాగాలో నువ్వుంటే ఏం చేసేదానివి అని అడిగావు. ఉన్నాను తమ్ముడూ. ఆదివారం దాకా నీ జాగాలోనే ఉన్నాను. సోమవారం పొద్దున పోయి చెప్పాను, ఇంకో మనిషి వింటుండగా. నాకు తెలిసింది అదే.

నువ్వూ అట్లాగే చెప్పు. ఫోనులో వద్దు, ఉత్తరంలో అసలే వద్దు. మీ టీమ్ అంతా నిలబడ్డప్పుడు, రాహుల్ కూడా ఉన్నప్పుడు, "వేడెక్కలే, నేను అబద్ధమాడిన" అని దాని ముఖం చూసి చెప్పు. రాహుల్‌కు తన గెలుపు ఎట్లాంటిదో తెలిస్తే తెలియనీ, వాళ్ల నాన్నకు కోపమొస్తే రానీ. ఆ తర్వాత కూడా వాణ్ణే ముందుకు పంపాలనుకుంటే అదీ ముఖం మీదే చెప్పు. ఇది ఎదురు తిరిగితే తీసెయ్, నేనేమీ అనను, నా బిడ్డను నేను తెచ్చుకుంటాను. చెప్పడానికి నోరు రాకపోతే మాత్రం ఆ మైకు తీసి చిన్నన్న చేతిలో పెట్టు. దాని చెవిలో అబద్ధమాడని గొంతు ఒకటి ఉండాలి, అది నీది కాకపోయినా సరే.

గురువారం బయలుదేరి వస్తున్నాం. దాని వెంట నేనూ వస్తున్నాను. స్టేషన్లో నా కట్టు చూసి నువ్వు ముందు నా దగ్గరికి వస్తావు, నాకు తెలుసు. రాకు. ముందు దాని దగ్గరికి పో.

ఇట్లు,
నీ అక్క
పద్మలత